మూడో అంతస్తులో నూనె వాసన

ఆ క్లినిక్ పేరు మాత్రం నన్నడక్కండి. ఆల్మాటీలో, పైన కొండ వైపు, ఒకప్పుడు పసిపిల్లల బడిగా ఉన్న భవనంలో నడుస్తోంది. అంతవరకే చెబుతాను. కోత పడ్డాక పొట్టకి బిగించుకునే బెల్టులు అమ్ముకుని బతికేదాన్ని నేను. వాళ్ళతో తగువు పెట్టుకుంటే నాకు గడవదు.

కానీ ఆ మూడో అంతస్తు సంగతి కడుపులో దాచుకోవడం నా వల్ల కాదు.

కారిడార్ చివర ఒక గది ఉంది. అది దాటి మలుపు తిరిగితే ఆపరేషన్ థియేటర్. ఆ మలుపులో గురువారం రాత్రిళ్ళు... నూనె కాగుతున్న వాసన వస్తుంది. వంటిల్లేమో ఎక్కడో కింద నేలమాళిగలో ఉంది. చీకటి పడకముందే దానికి తాళం వేసేస్తారు.

గురువారం కాగే నూనె అంటే మా కజాఖులకి వేరే చెప్పక్కర్లేదు. చనిపోయినవాళ్ళ పేరున ఏడు రొట్టెలు నూనెలో వేయిస్తాం, షెల్పెక్ అంటాం. ఆ వాసన పైకి లేస్తేనే వాళ్ళకి అందుతుందని మా పెద్దవాళ్ళ మాట. మరి పొయ్యే లేని చోట ఆ రొట్టెలు ఎవరు వేయిస్తున్నట్టు?

రెండేళ్ళ కిందట ఆ చివరి గదిలో ఒక పిల్ల దిగింది. ముక్కు సరిచేయించుకోవడానికి వచ్చింది. మత్తు ఇచ్చారు... మళ్ళీ లేవలేదు. అదుగో, ఆ వాసన అప్పటినుంచే. ఆ పిల్ల ఆకలితో తిరుగుతోందనీ, ఆ వాసన తగిలి ఎవరి నోట్లో నీళ్ళూరితే వాళ్ళు చచ్చినవాళ్ళ వరసలో చేరిపోయినట్టేననీ నర్సులు చెవులు కొరుక్కునేవారు. నేను నవ్వేసేదాన్ని. పట్టపగలు ఎవరైనా నవ్వుతారు లెండి!

జిబెక్ దిగింది ఆ గదిలోనే. వేరే గదులు ఖాళీ లేవట. నర్సుల గుసగుసలు వచ్చిన పూటే ఆమె చెవినా పడ్డాయి.

కవలల్ని కన్న మనిషి. కాన్పు తర్వాత ఒళ్ళు తగ్గింది గానీ పొట్ట మీద చర్మం మాత్రం సంచిలా వేలాడుతూ ఉండిపోయింది. బంధువుల పెళ్ళి విందులో ఆ కవలల్లోని కూతురు అందరి ముందూ ఆ పొట్ట తట్టి, "అమ్మా, లోపల ఇంకా ఎవరున్నారే?" అని అడిగింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. మొగుడు తుర్సున్ అందరికంటే ఎక్కువ నవ్వాడు. తనూ నవ్వింది, పాపం. ఆ రోజునుంచి దీపం ఆర్పాక తప్ప బట్టలు మార్చుకునేది కాదట.

అందుకే వచ్చింది. అదీ దొంగచాటుగా! నడుం నొప్పికి వేడినీళ్ళ స్నానాలకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పింది. అందరూ సరే అన్నారు. ఎవరూ గుమ్మం దాకా కూడా రాలేదు.

ఇదంతా ఆమే చెప్పింది నాకు, మర్నాడు పొద్దున నేను నడుం కొలత తీసుకుంటుంటే. చెబుతున్నంతసేపూ ఆమె పొట్ట నా టేపు కింద వణుకుతూనే ఉంది.

దిగిన రాత్రి ఒంటరిగా పడుకుంది. తెల్లారితే ఆపరేషన్. సాయంత్రం నుంచి ఏమీ తినకూడదు, మంచినీళ్ళు కూడా ముట్టకూడదు అన్నారు.

"చావంటే భయం కాదు అపా," అంది నాతో. పెద్ద ఆడవాళ్ళని మేము అలాగే పిలుస్తాం. "ఎలా పోయింది అని అడిగితే ఏం చెబుతారు చెప్పు? జబ్బు చేసిందా? లేదు. కాన్పులో పోయిందా? లేదు. పొట్ట తగ్గించుకోబోయి చచ్చిందట అంటారు. సమాధి దగ్గర కూడా నవ్వుతారు. నా పిల్లలు పెద్దయ్యేదాకా ఆ మాటే వినాలి!"

మరి లేచి ఇంటికి పోవచ్చుగా అంటారా? నేనూ అదే అడిగాను. "ఈ పొట్టతోనా?" అంది. 

మంచం మీద పడుకుని కళ్ళు మూసుకునేదట. ఇదే మత్తు అనుకునేది. మళ్ళీ బలవంతాన కళ్ళు తెరిచేది. చూశావా, లేచావుగా, రేపు కూడా ఇలాగే లేస్తావు అని తనకి తనే చెప్పుకునేది. మళ్ళీ మూసేది. మళ్ళీ తెరిచేది. పిచ్చిదానిలా అదే పని...

ఒకసారి మూసిన కళ్ళు తెరుచుకోలేదు.

కునుకు పట్టేసింది, అంతే. కానీ ఎవరో గొంతు నొక్కినట్టు ఉలిక్కిపడి లేచింది. ఒళ్ళంతా చెమట. గది నిండా చీకటి. ఆ చీకట్లో —

నూనె వాసన.

గురువారమని అప్పుడు గుర్తొచ్చింది. ముక్కు మూసుకుంది. లాభం లేదు. కడుపు ఖాళీ, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది... నోట్లో బుడబుడా నీళ్ళు ఊరాయి!

అయిపోయాననుకుంది. చచ్చినవాళ్ళ వరసలో పేరు ఎక్కిపోయింది అనుకుంది.

గంట నొక్కింది. ఎవరూ రాలేదు. మళ్ళీ నొక్కింది. నర్సు ఎక్కడ గుర్రు పెడుతోందో! ఇక ఆ గదిలో ఒక్క క్షణం ఉండలేక, చెప్పులు కూడా లేకుండా బయటపడింది. లిఫ్ట్ ఎక్కి వీధిలోకి పారిపోదామని. కానీ లిఫ్ట్ ఆ మలుపుకి అవతల ఉంది.

గోడ పట్టుకుని నడిచింది. ఒక్కో అడుగుకీ వాసన చిక్కబడుతోంది. మలుపు తిరిగేసరికి... దుప్పట్లు దాచే చిన్న గది తలుపు కింద సన్నగా వెలుతురు. లోపల చుయ్‌మని శబ్దం.

శబ్దం ఆగింది.

పారిపోవాలి కదా? కాళ్ళు అటే లాక్కెళ్ళాయట. తలుపు తోసింది. లోపల ఎవ్వరూ లేరు! నేల మీద కరెంటు పొయ్యి, పెనం, పక్కన పళ్ళెంలో రొట్టెలు. పొగలు కక్కుతున్నాయి.

అప్పుడు ఆమెకి ఇల్లు గుర్తొచ్చింది. తమ్ముడు పటాలంలోకి వెళ్ళిన రోజు తల్లి వాడి చేత రొట్టె కొరికించి, మిగిలింది గోడకి వేలాడదీసింది. తిరిగొచ్చి ఆ రొట్టె తినాలి, అంతవరకూ దారి వాడిని మింగదు. ఇది మా అందరికీ ఉన్నదే. పొరుగూరికి వెళ్ళినా ఒక ముక్క కొరక్కుండా గడప దాటనివ్వం. తనొక్కతే అబద్ధం చెప్పి, ఎవరి చేతి రొట్టె కూడా ముట్టకుండా ఇంత దూరప్రయాణానికి వచ్చేసింది.

ఒక రొట్టె తీసుకుంది. దెయ్యానిదైతే ఏం? రొట్టె రొట్టేగా! ఒక్క ముక్క... తిరిగి రావడానికి ఒక్క ముక్క...

కొరికింది.

వెనకనుంచి చల్లటి తడి చెయ్యొకటి ఆమె దవడ పట్టుకుంది.

అరవబోయింది. రెండు వేళ్ళు నోట్లోకి దూరి, కొరికిన ముక్కని గీకి బయటికి లాగాయి.

"ఉమ్మెయ్!" చెవి పక్కనే బొంగురు గుసగుస. "ఉమ్మెయ్... అంతా ఉమ్మెయ్!"

మా దేశంలో ఎవరైనా రొట్టె ఉమ్మమంటారా? పగవాడు కూడా అనడు. బతికున్న మనిషి అనే మాటే కాదది. జిబెక్ గోడకి జారి కూలబడింది. ఎదురుగా తెల్ల తలగుడ్డ, ముడతలు పడ్డ ముఖం, నీళ్ళు కారుతున్న చేతులు.

"నువ్వు... నువ్వేనా ఇక్కడ చచ్చిపోయింది?"

"నేనా? నేను చావలేదే తల్లీ. చావకుండా మిగలడమే నా ఖర్మ." ముసలామె ఫోన్ దీపం వెలిగించి ఆమె ముఖం మీద వేసింది. "మింగావా?"

"లేదు."

"నిజం చెప్పు! నాలుక చాపు."

చాపింది. ముసలామె నాలుక కిందా బుగ్గల లోపలా వెతికి వెతికి చూసింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదట.

"బయల్దేరేటప్పుడు ఎవరూ కొరికించలేదు అపా," అని జిబెక్ ఏడ్చేసింది. "రేపు తిరిగి రాకపోతే... ఒక్క ముక్కేగా. ఒక్క ముక్క ఇవ్వు, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒక్క ముక్కే," అంది ముసలామె. "నేనూ అదే అన్నాను."

పెనం పక్కకి నెట్టి నేల మీద కూర్చుంది.

"నా ఉల్జాన్ నీ మంచం మీదే పడుకుంది. రొట్టె తలగుడ్డలో చుట్టి తెచ్చాను. 'తినకూడదన్నాడమ్మా డాక్టరు' అంది. 'నిన్ను కన్నది డాక్టరా నేనా? కొరుకు!' అన్నాను. నవ్వి కొరికింది. ఆకలి మీదుందేమో, సగం తినేసింది. తెల్లారి డాక్టరొచ్చి ఏమైనా తిన్నావా అని అడిగాడు. నా వైపు చూసింది. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఏమీ తినలేదంది." ఆమె గొంతు మరీ తగ్గిపోయింది. "మత్తులో ఉండగా అది పైకి తన్నిందట... ఊపిరికి అడ్డం పడిందట. అందరూ డాక్టరునే తిట్టారు. నేనూ తిట్టాను. అందరికంటే గట్టిగా తిట్టాను."

జిబెక్ ఆమె తడిచేతులు పట్టుకుంది. ముసలామె చెయ్యి కడుక్కోవడానికి లోపలి పక్క తలుపులోంచి కుళాయి దగ్గరికి వెళ్ళిందట, ఆ కాసేపట్లోనే ఇంత జరిగింది. ఇంటి దగ్గర వేయిస్తే పిల్లకి దారి తెలుస్తుందో లేదోనని, ప్రాణం పోయిన చోటే వేయిస్తోంది. రాత్రి కాపలావాడు వేడి వేడి రొట్టెలు నమిలి, ఆమెకి తలుపు తీసి, ఎవరడిగినా దెయ్యమని చెప్పుకొస్తున్నాడు. వాడి నోరు పడిపోను!

పొద్దున మత్తు డాక్టరు అడిగితే జిబెక్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. రాత్రి రొట్టె కొరికాను, మింగలేదు అని. ఆయన మండిపడి, ఆపరేషన్ మధ్యాహ్నానికి తోశాడు. ఆ ఖాళీలోనే నేను టేపు పట్టుకుని వెళ్ళింది. నా ముందే తుర్సున్‌కి ఫోన్ చేసి ఎక్కడున్నదీ చెప్పింది.  అటునుంచి, "కదలకు, వస్తున్నా" అని వినబడింది.

"భయం తగ్గిందా?" అన్నాను.

"ఎక్కడ తగ్గుతుంది అపా," అంది. ట్రాలీ ఎక్కేదాకా నా చెయ్యి వదల్లేదు. గోళ్ళు దిగిన గుర్తులు చాలాసేపు ఉన్నాయి.

ముసలామె ఇంటికి పోలేదు. థియేటర్ బయట బల్ల మీద కూర్చుంది. పొమ్మన్న నర్సు కేసి అదోలా చూసింది, ఆ నర్సు మళ్ళీ జోలికి రాలేదు.

సాయంత్రం బెల్టు సంచి భుజాన వేసుకుని నేను మళ్ళీ వెళ్ళాను. లిఫ్ట్ తలుపు తెరుచుకుందో లేదో... ఏడుపు. చివరి గదిలోంచి, గోడలు అదిరేలా, శవం మీద పడి మా ఆడవాళ్ళు పెట్టే శోకం.

పోయింది.  పిల్లలిద్దరికీ ఏం చెబుతారు దేవుడా అనుకున్నాను. అందరూ ఆ గది వైపు పరుగెత్తుతున్నారు. తుర్సున్ నన్ను తోసుకుంటూ ముందుకెళ్ళాడు, పాలిపోయిన ముఖంతో.

ముసలామె మంచం అంచు పట్టుకుని గుండెలు బాదుకుంటోంది. మంచం మీద జిబెక్... కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. "నా ఉల్జాన్ ఇలా కళ్ళు తెరవలేదే!" అంటోంది ముసలామె.

నర్సు వంగి చెవి పెట్టింది.

"ఏమంటోంది?" అన్నాడు తుర్సున్.

"ఆకలేస్తోందట. రొట్టె ఉందా అని అడుగుతోంది."