కంచం అంచున ఉప్పు

ఆ కాలంలో కూరలు చప్పగానే వండేవారు. కంచం ముందు కూర్చున్నాక ఎవరి ఉప్పు వారు కలుపుకోవాలి. ప్రతి వంటింట్లోనూ లవణి అనే యంత్రం ఉండేది. దాని గిన్నెలో వేలు పెడితే నాడినీ చెమటనూ చదివి, ఆ మనిషికి తగిన ఉప్పు రాల్చేది; అడిగితే బదులూ చెప్పేది. రక్తపోటు ఉన్నవారికి పొటాషియం క్లోరైడ్. ఒకప్పుడు పొటాష్ ఎరువుగా పొలాల్లో చల్లిన లవణమే, శుద్ధి చేసి చేదు తీసేసినది. మూత్రపిండాలు చెడినవారికి మాత్రం అది విషం. ఒంట్లోంచి బయటికి పోలేక గుండెను ఆపేస్తుంది. వారికి మామూలు ఉప్పే, అదీ చిటికెడు.

లవణిని కనిపెట్టిన ధృతి, మొదటి యంత్రాన్ని అన్నయ్య తేజస్ ఇంట్లోనే పెట్టింది. అతనికి మూత్రపిండాల జబ్బు. వదిన మోక్షితకు రక్తపోటు.

"నా కిడ్నీలు మర్చిపోయిన లెక్క నీ డబ్బా చేస్తుందన్నమాట, చెల్లెమ్మా!" అని ఆ రోజు తేజస్ వేలు పెట్టి నవ్వాడు.

ఆ చలికాలమే అతని గుండె ఆగిపోయింది. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందన్నారు డాక్టర్లు.

కర్మలు ముగిశాక ధృతి యంత్రం ముందు కూర్చుంది.

"అన్నయ్య వేలు పెడితే ఏ ఉప్పిస్తావు?"

"మామూలు ఉప్పు. పొటాషియం రేణువు కూడా కలపను," అంది లవణి.

అన్నయ్య పాత కొలతలతో పరీక్షించి చూసింది. నిజమే.

"అది తర్వాత. ముందు నాలుగు మెతుకులు తిను," అంటూ మోక్షిత అన్నం, పప్పు వడ్డించింది. లవణి గిన్నెలో తన వేలు పెట్టి, రాలిన ఉప్పు చిటికెడు తీసి ధృతి కంచం అంచున వేసింది.

ధృతి చెయ్యి ఆగిపోయింది.

"నేను తీసుకునేదాన్నిగా, వదినా?"

"బావుంది! ఇంటి ఆడపడుచు లేచి ఉప్పు తెచ్చుకోవాలా? చేతికిస్తే తగువులొస్తాయని కంచంలో వేశాను."

"అన్నయ్యకీ ఇలాగేనా?"

"ఆ మొదటి రోజు తప్ప ఆయన ఏనాడు చెయ్యి చాచాడు గనక!" మోక్షిత కళ్ళు మురిపెంగా తడిశాయి. "చప్పగా ఉందే అని గునిసేవాడు. మా ధృతి చేసిన ఉప్పేగా, భయమేమిటని ఇంకో చిటికెడు వేసేదాన్ని."

లవణి చేతిని మాత్రమే చదివింది. ఆ చెయ్యి ఎవరి కోసం చాచిందో చదవడం నేర్పాలని ధృతికి తోచలేదు.

"ఇంతకీ అందులో తప్పేమైనా తేలిందా?" అడిగింది మోక్షిత.

ధృతి వదిన చేతివేళ్ళ వైపు చూసింది. వాటికింకా తెల్లటి రేణువులు అంటుకుని ఉన్నాయి.

"తేలింది వదినా. నాదే."

"ఊరుకో, పిచ్చిపిల్లా. నీదేమిటి? అన్నం చల్లారిపోతోంది, కలుపుకో."

ధృతి కంచం అంచునున్న ఉప్పును మెల్లగా అన్నంలో కలుపుకుంది. చేదు తెలియలేదు. దాన్ని తీసేసింది తనే.