డు లేని డబ్బా

ఎవరో తలుపు టకటకా కొట్టగానే తొందర పెన్సిల్ పడేసి పరుగెత్తింది. అసలు పేరు స్కూల్ రిజిస్టర్‌లో ఉంది కానీ, ఇంట్లో అందరూ తొందర అనే పిలుస్తారు. ఏం తేవాలో వినకుండానే సంచీ పట్టుకుని మెట్లు దిగిపోయే పిల్లకి ఇంకేం పేరు పెడతారు మరి!

గుమ్మంలో కుట్టుమిషన్ల షాపాయన. అమ్మ బట్టలు కుట్టే మిషన్ ఆయన దగ్గర అప్పుకు కొన్నదే. నెలనెలా వాయిదా కట్టాలి.

"అమ్మ లేదా పాపా?"

"చొక్కాలు ఇవ్వడానికి వెళ్లిందండీ."

"వాయిదా కోసం వచ్చానని చెప్పు. వారం ఆగి మళ్లీ వస్తాలే," అన్నాడు మామూలుగానే. కానీ ఆయనది పెద్ద గొంతు. ఎదురింటి తలుపు ఓరగా తెరుచుకుంది. తొందరకి తల కొట్టేసినట్టయింది.

ఈ అప్పు వదిలిపోతే ఎంత బాగుంటుంది! అనుకోగానే గుర్తొచ్చింది. దారపు రీళ్ల వెనక ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంది. దానిమీద అమ్మ చేతిరాతతో 'అప్పు' అని ఉంది.

"ఉండండి, ఉండండి!" అంటూ స్టూల్ ఎక్కి డబ్బా దింపింది. ఉన్నదంతా ఆయన చేతిలో పోసింది.

షాపాయన తెల్లబోయాడు. "వాయిదాకన్నా చాలా ఎక్కువుందమ్మా. అంతా కట్టేయమందా అమ్మ?"

"దీనికోసమే దాచిందండీ," అంది తొందర తల ఎగరేసి. ఆయన లెక్కపెట్టుకుని రసీదు రాసిచ్చాడు.

అమ్మ రాగానే తొందర ఆ రసీదు గాల్లో ఊపింది. అమ్మ ముందు నవ్వింది. తర్వాత ఖాళీ డబ్బా చూసి స్టూల్ మీద కూలబడింది.

"ఇందులోంచి తీశావా?"

"అప్పు అని నువ్వే రాశావుగా!"

అమ్మ డబ్బాని కిటికీ వైపు తిప్పింది. 'అప్పు' పక్కన ఒక మసక మరక కనబడింది. "ఇక్కడ 'డు' ఉండేదే. తడిచేతులు తగిలి చెరిగిపోయింది. ఇది అప్పు డబ్బా కాదు. 'అప్పుడు' డబ్బా."

"అప్పుడంటే? ఎప్పుడు?"

"అనుకోని ఖర్చు నెత్తిమీద పడుతుంది చూడు, అప్పుడు."

"అప్పు ఉండగా డబ్బులు దాచుకోవడం ఏంటమ్మా? ముందు అప్పు తీర్చాలిగా!"

"వాయిదాకి చొక్కాల డబ్బులు శనివారం వస్తాయి. అవి వేరు, ఇవి వేరు," అంటూ అమ్మ షాపాయనకి ఫోన్ చేసింది. ఆయన పాపం మంచిగానే మాట్లాడాడు. కానీ డబ్బులు అప్పుడే మిషన్ల కంపెనీకి కట్టేశాడట, వెనక్కి రావట.

మర్నాడు పొద్దున్నే నాన్న వ్యాన్ టైరు పేలిపోయింది. నాన్న ఒక బేకరీ నుంచి షాపులకి రొట్టెలు చేరవేస్తాడు. వ్యాన్ కదలకపోతే ఆ రూట్ ఇంకో డ్రైవర్‌కి వెళ్లిపోతుంది.

ఎప్పుడూ జోకులేసే నాన్న బాల్కనీలో ఫోన్ పట్టుకుని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. "అన్నా, శనివారం ఇచ్చేస్తా... కాస్త చూడు." ఒకరి తర్వాత ఒకరు కుదరదన్నారు. చివరికి టైర్ల షాపువాడే కాస్త ఎక్కువ ధర వేసి అరువిచ్చాడు.

"ఒక అప్పు సన్నబడింది, ఇంకోటి పుట్టింది," అన్నాడు నాన్న లోపలికొచ్చి.

తొందర కళ్లనిండా నీళ్లు. "నావల్లే నాన్నా."

"అప్పు తీర్చాలనుకోవడం తప్పేం కాదురా తల్లీ. కాకపోతే తొందరలో 'డు' మింగేశావు."

ఏడుస్తూనే ఫక్కున నవ్వింది తొందర. వెంటనే మొహం తుడుచుకుంది. "ఆ డబ్బా నేనే నింపుతా."

"ఎలా నింపుతావే?" అంది అమ్మ.

"గుండీలు కుట్టడానికి చొక్కాలు బయట ఇస్తావుగా. హోంవర్క్ అయ్యాక నేను కుడతా. వాళ్లకిచ్చే డబ్బులు డబ్బాలో వెయ్యి."

మొదటి గుండీ చిటికెలో కుట్టేసింది. అమ్మ ఇలా లాగిందో లేదో, అది ఊడి మంచం కిందికి దొర్లింది.

"నీ గుండీకి కూడా తొందరే," అంది అమ్మ.

తొందర మంచం కింద దూరి గుండీ తెచ్చుకుంది. విప్పి మళ్లీ కుట్టింది. సూది గుచ్చుకున్న వేలు నోట్లో పెట్టుకుని, ఇంకోటి అందుకుంది. ఆ రాత్రి పడుకునే ముందు నల్ల మార్కర్‌తో డబ్బా మీద 'డు' అని రాసి, పైన టేపు అంటించింది.

మరుసటి నెల షాపాయన వచ్చాడు. ఎదురింటి తలుపు మళ్లీ ఓరగా తెరుచుకుంది. తెరుచుకుంటే తెరుచుకోనీ అనుకుంది తొందర. అమ్మ విడిగా పెట్టి వెళ్లిన వాయిదా తెచ్చిచ్చింది.

"ఇంతేనా? ఆ డబ్బా దించవా?" అని ఆటపట్టించాడాయన.

"అది అప్పుడు డబ్బా అండీ."

"ఎప్పుడు?"

"ఆ అప్పుడు ఇంకా రాలేదండీ!"

తర్వాత కొన్నాళ్లకి, స్కూల్ యూనిఫారాలు సగం కుట్టి ఉండగా, మిషన్ బెల్ట్ టప్పున తెగింది. యూనిఫారాలు మర్నాడే ఇవ్వాలి. అమ్మ చెయ్యి ఫోన్ మీదికి వెళ్లింది.

తొందర లేచి నిలబడింది. ఈసారి పరుగెత్తలేదు. "అమ్మా, అప్పుడంటే ఇప్పుడేనా?"

అమ్మ ఫోన్ పక్కన పెట్టేసింది. "ఇప్పుడేనే!"

తొందర స్టూల్ ఎక్కి డబ్బా దింపింది. బెల్ట్‌కి సరిపడా డబ్బులున్నాయి. ఎవరినీ బతిమాలకుండానే సాయంత్రానికి మిషన్ మళ్లీ టకటకలాడింది.

తొందర డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. అడుగున మిగిలిన చిల్లర గలగలమంది. డబ్బాని మళ్లీ రీళ్ల వెనక పెట్టి, సూదిలో దారం ఎక్కించి, ఎవరూ చెప్పకుండానే ఒక చొక్కా ఒళ్లోకి లాక్కుంది. మొదటి గుండీ కుట్టాక, ఊడుతుందేమోనని తనే గట్టిగా లాగి చూసింది.