తూర్పు ముఖం

ఆ సమాధుల తోటలో ఎవరిని పూడ్చినా కాళ్ళు తూర్పుకే. కడబూర మోగిన రోజు ప్రభువు అటునుంచే వస్తాడట. చచ్చినవాళ్ళు లేచి నిలబడగానే ఆయన ముఖం కనబడాలి. గొయ్యి తవ్వేవాడికి ఇది వెన్నతో పెట్టిన విద్య. తన అక్కను కూడా అలాగే పడుకోబెట్టాడు. ఆ రోజు ఆమె పక్కనే లేచి తనూ ఆ ముఖం చూడాలి. అతనికున్నది ఆ ఒక్క ఆశే.

ఆ మధ్యాహ్నం అతని బావ వచ్చాడు, పెట్టెలో. అక్కను కొట్టి కొట్టి మంచాన పడేసి, ఆదివారాలు ముందు వరసలో కళ్ళు మూసుకుని పాటలు పాడిన మహానుభావుడు! పాస్టరు గారు ఆయన్ని అరగంట పొగిడారు. వినేవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా.

తల ఎటు పెట్టాలని మోసేవాళ్ళు గొయ్యి తవ్వేవాణ్ణే అడిగారు. "తూర్పుకి," అన్నాడు తాపీగా. లేచిననాడు దేవుడికి వీపు చూపించి నిలబడతాడు వెధవ, అనుకున్నాడు. దేవుడి పని తనే చేసిపెడుతున్నాడట, పొగరు కాకపోతే!

అందరూ వెళ్ళిపోయారు. పొద్దు వాలింది. పచ్చిమట్టి వాసన ముక్కుకు తగులుతోంది. సగం పూడ్చాడో లేదో, కింద చెక్క రాసుకున్న చప్పుడు... నెమ్మదిగా, బరువైన పెట్టెను ఎవరో ఈడుస్తున్నట్టు.

"కొట్టుకో బావా, కొట్టుకో," అన్నాడు వెటకారంగా.

చప్పుడు ఆగింది. పాదాల కింద మట్టి... మెల్లగా తిరిగింది.

గబగబా తవ్వాడు. మూత లేపాడు. బావ కాళ్ళు తూర్పుకే ఉన్నాయి. పెదవులు కదిలాయి.

"నన్నెవరు తిప్పి పెట్టారని పైన అడిగారు బామ్మర్దీ... నువ్వేనని చెప్పాను."

చచ్చినా చాడీలు మానలేదు, ఆ భక్తుడు.

ఎలా పూడ్చాడో, ఎలా ఇల్లు చేరాడో అతనికే తెలియదు. తెల్లారాక, సమాధుల తోటను ఆనుకున్న పెరట్లోకొచ్చాడు. తన నీడ తన ముందు పడి ఉంది. వెనక్కి తిరిగాడు. మళ్ళీ ముందే. బొంగరంలా తిరిగాడు...

"పొద్దున్నే ఏంటండీ ఇది?" అంది భార్య.

"సూర్యుడెక్కడే?"

"మీ ఎదురుగానే ఉన్నాడుగా."

అతనికి కనబడలేదు. ఆమె నీడ ఆమె వెనక్కి పడి ఉంది. అతని నీడ మాత్రం ముందుకి, సూర్యుడి వైపే, అక్క సమాధి దాకా సాగి ఉంది.