కత్తి పెట్టని రసం

"ఆ కత్తి కింద పెట్టండి."

జగన్మోహనరావు తలెత్తి చూశాడు. బల్లకి అవతల ఓ అమ్మాయి నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. కోపం దాచుకోవాలన్న ఆలోచన ఆమెకి ఉన్నట్టు లేదు.

నూజివీడు వర్తకులు పందిరి వేసి పెట్టిన మామిడిపళ్ల పోటీకి అతనొక్కడే జడ్జి. ఊరివాళ్లని కూర్చోబెడితే ఎవరి తోటకి వాళ్లే మార్కులు వేసుకుంటారని, మద్రాసులో పుట్టి అక్కడే వ్యవసాయం చదివిన ఈ కుర్రవాణ్ణి పిలిపించారు. బంగినపల్లి, సువర్ణరేఖ, కొబ్బరిమామిడి అంటూ పదమూడు రకాలు ముక్క ముక్క చొప్పున తిని మహా ఖుషీగా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా మీద చుక్క పడలేదు.

"కత్తి లేకపోతే ముక్కలెలా వస్తాయండీ?"

"రసాలకి ముక్కలేంటండీ? జుర్రుకోవాలి గానీ."

"రూలు అన్నిటికీ ఒకటేనండీ," అంటూ ఆమె తెచ్చిన చిన్నరసం పండు కోసేశాడు.

రసమంతా మార్కుల కాగితం మీదికి కారింది. చేతిలో పీచూ తొక్కా మిగిలాయి. ఆ పీచే నమిలి పదికి మూడు వేశాడు. ఆ అమ్మాయి ముఖం చూశాక మాత్రం కలానికి మూత పెట్టబుద్ధి కాలేదు.

"ఇక మా నాన్నగారు ఈ పండు కాసిన చెట్టు కొట్టించేస్తారు," అంది ఆ అమ్మాయి, హైమవతి. "చిన్నరసాలు రైలెక్కితే పాడైపోతాయి, బంగినపల్లి అంటుమొక్కలు వేస్తానంటున్నారు. ఫస్టు ప్రైజు వస్తే ఉంచుతానని మాటిచ్చారు. మా నాయనమ్మ పెట్టిన చెట్టండీ అది. మీరేమో మూడు వేశారు."

అతని నోట్లో తీపంతా విరిగిపోయింది. "ఇంకో పండుందా?"

ఉంది. అతని చేతిలో పెట్టింది.

"అరచేతుల మధ్య మెల్లిగా నలపండి. తొక్క పగలకూడదు. ఇప్పుడు తొడిమ దగ్గర ముచిక కొరికి, మొదటి చుక్క పిండి పారెయ్యండి. అది సొన, పెదవి మండుతుంది."

"తర్వాత?"

"తర్వాత మాట్లాడకండి."

అతను మాట్లాడలేదు. మోచేతి దాకా రసం కారినా, చొక్కా పచ్చబడినా, పందిట్లో జనమంతా చూస్తున్నా టెంక తేలేదాకా వదల్లేదు. తలెత్తేసరికి ఆమె నవ్వుతోంది. ఇరవయ్యారేళ్లు వచ్చినా తనకి మామిడిపండు తినడం రాదని అతనికి ఆ రోజే తెలిసింది.

"నాదే పొరపాటు," అని పందిరంతా వినబడేలా చెప్పి, పోటీకి వచ్చిన అయిదు రసాలూ వరసగా జుర్రుకున్నాడు. అందులో ముసునూరు నుంచి వచ్చిన పండు ఒక్క పిసరు తీపెక్కువ. హైమవతి పండుకి రెండో స్థానం రాశాడు. అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు.

ఆమె ముసునూరు పండొకటి తీసుకుని తిని చూసింది.

"మీరు వేసింది న్యాయంగానే ఉందండీ," అంది కళ్లు తుడుచుకుంటూ.

పోట్లాడినా బాగుండేదనిపించింది అతనికి. ఆ మాటతో ఆమె అతని మనసులో కూర్చుండిపోయింది.

ఇంతలో ఆమె తండ్రి సత్యనారాయణమూర్తి వచ్చి కాగితం చూశాడు. "రెండోదా? మాట మాటేనమ్మా."

"ఆ చెట్టు కొట్టించకండి," అన్నాడు జగన్మోహనరావు. "ఏటా రెండు బుట్టలు మద్రాసు పంపండి, నేను తీసుకుంటాను."

"మద్రాసు చేరేసరికి టెంకలే మిగుల్తాయి బాబూ."

"అయితే నేనే వచ్చి తింటానండి."

"ఏటానా?"

"ఏటా."

మూర్తి అతని చొక్కా మరకలు చూశాడు. పందిరి రాట మీద ఏదో రాసి ఉన్నట్టు దాన్నే చదువుతున్న కూతుర్నీ చూశాడు. వచ్చినవాడు ఏ సరుక్కి వచ్చాడో పోల్చుకోలేకపోతే ఇన్నాళ్లు మామిడిపళ్ల వ్యాపారం చేసి ఏం లాభం?

"పెళ్లీడు కుర్రాడు ఏటా వచ్చి మా తోటలో కూర్చుంటే ఊరు ఊరుకోదండీ. వచ్చే వారం మీ నాన్నగారిని వెంటబెట్టుకు రండి. అప్పటిదాకా చెట్టు జోలికి పోను."

"వాళ్ల నాన్నగారు కూడా రసాల్ని కత్తితోనే కోస్తారేమో కనుక్కోండి నాన్నా," అంది హైమవతి, రాట మీంచి చూపు తిప్పకుండానే.

జగన్మోహనరావు బల్ల మీది కత్తి తీసి కింద పెట్టేశాడు.