నిద్రపోని బ్రౌనీ

తిరుచానూరు రోడ్డులో పూలకొట్టు పైనున్న ఆ చిన్న ఆఫీసుకు మామూలుగా వచ్చేవి పెళ్లి సంబంధాల వాకబులు, లాడ్జీల్లో పోయిన సామాన్ల గొడవలు. కుక్క కోసం అంతవరకూ ఎవరూ రాలేదు. అందుకే గ్రేసీ కుర్చీ అంచున కూర్చుని, కొంగు నలుపుతూ తన గోడు మొదలుపెట్టగానే మోక్షిత తన మేడమ్ వైపు ఓరగా చూసింది. ప్రైవేట్ డిటెక్టివ్ గోదాదేవి ముఖంలో నవ్వు లేదు. కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. అలా పెట్టిందంటే కేసు తీసుకున్నట్టేనని అసిస్టెంటుగా మోక్షితకు బాగా తెలుసు.

"మా కుక్క బ్రౌనీ రెండు నెలలుగా గోక్కుంటానే ఉండాది మేడమ్," అంది గ్రేసీ. ఆమె చిత్తూరులో నర్సు. ఇల్లు బంగారుపాళ్యం దగ్గర మామిడితోటలో. "పగలు లేదు, రాత్రి లేదు. నిద్రే పోదు. తోక మొదట్లో వెంట్రుకలు ఊడి పుండయింది."

"డాక్టరుకు చూపించారా?"

"చూపించినాం. అలర్జీ అన్నాడు. ఆస్పత్రిలో పెట్టుకున్న వారం బాగానే ఉండాది. ఇంటికి తెచ్చినాక మళ్లీ మొదలు. మీ ఇంట్లోనే ఏదో పడటంలేదు, వెతుక్కోండి అన్నాడు. మా నాయన వెతకడంలేదు మేడమ్. పక్క తోట మునస్వామి ఏదో పొడి చల్లతా ఉన్నాడని తేల్చేసినాడు. నిన్న కంచె కాడ ఇద్దరూ కలబడినారు. మా నాయన చేతిలో కొడవలి ఉండాది. నేను అడ్డం పడకపోయింటే..." ఆమె కొంగు వదిలి బల్ల అంచు పట్టుకుంది. "బయటోళ్లెవరైనా రుజువు చూపిస్తే ఒప్పుకుంటానన్నాడు. అందుకే వచ్చినా."

మర్నాడు ఉదయమే గోదాదేవి, మోక్షిత బంగారుపాళ్యంలో బస్సు దిగారు. మామిడి సీజను ముగిసి తోటలు బోసిగా ఉన్నాయి. వారం రోజులుగా పడుతున్న ముసురు వల్ల నేలంతా చిత్తడిగా ఉంది.

బ్రౌనీ గోధుమరంగు నాటుకుక్క. కొత్తవాళ్లను చూసి మొరగడానికి లేచింది కానీ, సగం మొరుగులోనే వెనక్కి తిరిగి తోక మొదలు కొరుక్కోసాగింది. ఆ కొరుకుడులో ఒక రకమైన పిచ్చి ఉంది.

గ్రేసీ తండ్రి జయరావు వసారాలో మంచంమీద కూర్చుని ఉన్నాడు. "సూడండి మేడమ్," అన్నాడు, "మనిషికి మనిషిమీద పగ ఉంటే మనిషితో తేల్చుకోవాల. నోరులేని దానిమీదనా?"

"మునస్వామితో మీకు పగ దేనికి?"

"గట్టు కాడ రాయి జరిపినాడు. అదట్లుండనీ. రెండు నెలల కిందట ఇది వాని టమోటా నారు తొక్కిందంట. 'నీ కుక్కకు నేనే బుద్ధి సెప్తా' అన్నాడు, నా మొగం మీదనే. ఆ కంచె పొడుగునా తెల్లపొడి ఉండాది, పోయి సూసుకోండి."

గోదాదేవి బ్రౌనీ పక్కన నేలమీద కూర్చుంది. పాదాలు ఎత్తి వేళ్ల సందులు చూసింది. మూతి, పొట్ట చూసింది. ఎక్కడా ఎరుపు లేదు, పుండు లేదు. తర్వాత సన్నపళ్ల దువ్వెనతో తోక మొదలును దువ్వి, రాలినదాన్ని తెల్లకాగితం మీద పట్టింది. మిరియాలపొడి లాంటి నల్లటి నలుసులు తప్ప ఏమీ పడలేదు. వాటిమీద రెండు చుక్కల నీళ్లు వేసి మోక్షితకు చూపించింది. నలుసుల చుట్టూ కాగితం మెల్లగా తుప్పు ఎరుపు తిరిగింది.

"మన్ను అయితే ఈ రంగు దిగదు," అంది గోదాదేవి. అంతకుమించి చెప్పలేదు.

అంతలో జయరావు కోడలు అమల కాఫీ తెచ్చింది. పెళ్లయి ఆరు నెలలు. భర్త సుకుమార్ శ్రీసిటీ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, అక్కడే గది తీసుకుని సెలవులకు వస్తాడు. గ్లాసులు అందిస్తూ ఆమె ఒక పాదంతో రెండో కాలి చీలమండ రుద్దుకుంది. పట్టీల పైన ఎర్రటి చుక్కలు గుంపుగా ఉన్నాయి.

"దోమలా అమ్మా?" అని అడిగింది గోదాదేవి.

"అవునండీ, దోమలే," అని అమల చప్పున చీర కుచ్చెళ్లు దించుకుంది. ఆమె చేతులు మాత్రం నున్నగా, మచ్చ లేకుండా ఉన్నాయని మోక్షిత గమనించింది.

జయరావు గ్లాసులోకి చూసి మొహం చిట్లించాడు. "మళ్లీ నీళ్ల కాఫీనే. రెండు లీటర్లు తీసుకుంటా ఉన్నా, ఈ మధ్య పాలు సాలడమే లేదు."

అమల గబగబా లోపలికి వెళ్లింది.

పక్క తోటకు వెళ్లి అడిగితే, తెల్లపొడి సంగతి మునస్వామి దాచలేదు. "సీమల మందు మేడమ్. నారు మొదళ్లు కొరికేస్తా ఉంటే సల్లినా," అన్నాడు. అతని మోచేతికి గుడ్డ కట్టు ఉంది. కొడవలి తగిలింది అక్కడేనేమో, ఆ చేతిని వెనక్కి పెట్టుకున్నాడు. "కోపంలో ఒక మాట అన్నా. కాదనను. కానీ ఆ కుక్క పిల్లప్పుడు మా ఇంట్లోనే పండుకునేది. జయరావన్న ఆ మాట ఎట్ల నమ్మినాడో నాకు తెలీదు."

తిరిగి వస్తుంటే ఇంటి వెనక క్రేట్ల గది కనిపించింది. మామిడికాయల క్రేట్లు, గోనెసంచులు సీజను తర్వాత అందులో పడేసి తాళం వేస్తారు. గది గడప ముందు, చూరు కింద పరిచిన పాత గోనెల మీద ముడుచుకుని బ్రౌనీ తలుపు సందులో ముక్కు పెట్టి వాసన చూస్తోంది. దాని పడక అదేనట. కిటికీ నిండా సాలెగూళ్లు. తలుపుకు ఒక్క పోగు కూడా లేదు.

"ఈ గది తీసి ఎన్నాళ్లయింది?" అని గోదాదేవి అడిగితే, "సీజనయినాక తీసింది లేదు. తాళంచెవి వంటింట్లో మేకుకు ఉండాది," అన్నాడు ఎదురొచ్చిన జయరావు.

మోక్షిత అన్నీ కలిపి చూసుకుంది. పాలు, చీలమండలు, తలుపు. ఏదో ఉంది, కానీ అందడం లేదు. "మేడమ్, విషం కాదా?" అంది గుసగుసగా.

"పొడిలో నడిస్తే ముందు కాలేది పాదాలు, మూతి. అవి శుభ్రంగా ఉన్నాయి కదా. సాయంత్రం అందర్నీ పిలువు. మునస్వామిని కూడా."

సాయంత్రం ముసురు విడిచింది. క్రేట్ల గది ముందు అందరూ నిలబడ్డారు. శ్రీసిటీ నుంచి సుకుమార్ వచ్చాడు. మునస్వామి దూరంగా, జయరావుకు ఎదురుపడకుండా నిలబడ్డాడు. గోదాదేవి సంచిలోంచి మోకాళ్ల దాకా వచ్చే తెల్లసాక్సులు తీసి, వేసుకుని, ఆ పాత గోనెల మీదికి ఎక్కి కాసేపు కదలకుండా నిలబడింది.

"ఇప్పుడు చూడండి."

తెల్లటి బట్టమీద నల్లటి చుక్కలు కనిపించాయి. ఒక చుక్క గెంతింది. గ్రేసీ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంగ్లీషులో ఫ్లీ అంటారు. రక్తం తాగే పురుగు. నేలమీంచి గెంతుతుంది కనుక మనిషినైతే చీలమండల దగ్గరే కుడుతుంది. పొద్దున కాగితం మీద ఎర్రగా దిగింది దీని మలం, అంటే బ్రౌనీ నెత్తురే. చాలా కుక్కలకు ఇది కుడితే కాస్త దురద, అంతే. బ్రౌనీకి ఆ పురుగు ఉమ్మి పడదు. ఒకటి కుట్టినా చాలు, రోజుల తరబడి గోక్కుంటుంది. తోక మొదట్లోనే పుండు కావడం దీని గుర్తు."

"వారం వారం స్నానం చేయిస్తాం మేడమ్," అంది గ్రేసీ. "ఒంటిమీద ఒక్కటీ కనపడలేదే?"

"అది కొరికి మింగేస్తోంది. గుడ్లు, పిల్లలు దాని ఒంటిమీద ఉండవు, పడకలో ఉంటాయి. ఆస్పత్రిలో ఈ పడక లేదు, కాబట్టి దురద తగ్గింది. మునస్వామి ఏ పాపమూ ఎరుగడు."

జయరావు ముఖం గట్టిపడింది. "అయితే ఈ పురుగు యాడ్నించి వచ్చినట్టు?"

"ఈ తలుపు వెనకనుంచి. లోపలికి ఎవరు పోతున్నారో నాకు తెలుసు. ఆ మాట వాళ్లే చెబితే బాగుంటుంది. వాళ్లు చేసింది తప్పని నేననుకోవడం లేదు."

గదిలోంచి సన్నగా, చాలా సన్నగా ఒక కూత వినిపించింది. అమల కొంగులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. క్రేట్ల మధ్య ఒక బక్క పిల్లి, దాని పొట్టకు అంటుకుని మూడు కూనలు.

"రెండు నెలల కిందట వానలో వచ్చింది మామా," అంది అమల, నేల చూస్తూ. "చూరు సందులో దూరి, ఈ మధ్య ఈడనే ఈనింది. పాలు దీనికే పోస్తా ఉన్నా. మీకు పిల్లులంటే పడదని, కోడిపిల్లల్ని తింటాదని మీరు తరిమేస్తారని చెప్పలేదు. దీనివల్లే బ్రౌనీకి అట్లయిందని తెలిసుంటే ఆ రోజే చెప్పుండేదాన్ని. కొడవలి చూసినప్పుడు నాకు నోరు రాలేదు."

"నాకైనా చెప్పకూడదా?" అన్నాడు సుకుమార్.

"నువ్వు యాడుండావు చెప్పేదానికి? ఒదిన డ్యూటీనుంచి వచ్చి పడుకుంటాది. మామ తోటలో ఉంటాడు. పొద్దుగూకులూ నేను పిలిస్తే పలికింది ఈ పిల్లి ఒక్కటే."

ఆమె కోపంగా అనలేదు. అందుకే ఆ మాట అందరికీ తగిలింది. గ్రేసీ తల తిప్పుకుంది. దోషిని పట్టుకున్నప్పుడల్లా కలిగే సంబరం ఈసారి మోక్షితకు కలగలేదు. మేడమ్ పొద్దుననే ఎందుకు పేరు చెప్పలేదో ఇప్పుడు అర్థమైంది.

జయరావు వంగి ఆ కూనల్ని చూశాడు. తర్వాత మునస్వామి దగ్గరికి నడిచాడు. కట్టు ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"లోతుగా తెగిందా అబ్బా?"

"లేదన్నా. గీసుకుంది, అంతే," అన్నాడు మునస్వామి. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మిగిలింది డాక్టరు పని. గోనెలన్నీ తగలబెట్టారు. గదిని, వసారాను రోజూ ఊడ్చి కడిగారు, పరుపులు దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించారు. కుక్కకు వేసే మందు పిల్లికి వేస్తే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు గట్టిగా హెచ్చరించి, దేని మందు దానికి వేరుగా ఇచ్చాడు. గుడ్లు పగిలి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి కనుక, కుదుటపడటానికి నెలలు పడుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పాడు.

కార్తీకంలో మోక్షిత ఏదో పనిమీద చిత్తూరు వెళుతూ బంగారుపాళ్యంలో దిగింది. తోట గేటు దగ్గరే జయరావు ఎదురొచ్చి వేలు పెదవులమీద పెట్టాడు.

"మెల్లగా రామ్మా. నిద్రపోతా ఉండాది."

వసారా మెట్టుమీద బ్రౌనీ వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ గాలిలో వదిలేసి నిద్రపోతోంది. పుండున్న చోట పొట్టిగా కొత్త వెంట్రుకలు వచ్చాయి. లోపల గ్రేసీతో అమల ఏదో చెబుతోంది, ఊపిరి తిప్పుకోకుండా. మధ్యలో పెద్దగా నవ్వింది. కుక్క చెవి ఒకసారి కదిలి ఊరుకుంది.

"వాళ్లను కూడా మెల్లగా మాట్లాడమని చెప్పనా?" అంది మోక్షిత.

"వద్దులేమ్మా," అన్నాడు జయరావు. "వాళ్లను మాట్లాడుకోనీ."