నల్లబిళ్ళ తెల్లబోయింది

“బిళ్ళ పోయింది. నీ ఇంట్లోంచే,” అన్నాడు చీఫ్.

ఏజెంట్ డేగ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. లేబొరేటరీ మీద శత్రువుల కన్ను పడిందని దాన్ని ఇంటికి తెచ్చి బీరువాలో దాచింది తనే. తాళం ఎక్కడుంటుందో వదినకు తప్ప ఎవరికీ తెలియదు.

లోహపు పరమాణువులనూ కార్బన్ ఉన్న అణువులనూ కలిపి అల్లిన బిళ్ళ అది. ఒళ్ళంతా కంటికి కనపడని రంధ్రాలే. వాటిలో అయోడిన్ చుట్టంలా వచ్చి కూర్చుంటేనే ఎలక్ట్రాన్లు గెంతుతాయి, కరెంటు పారుతుంది. విషవాయువు సోకితే ఆ కరెంటు తేడా కొట్టి సైన్యం అలారం మోగుతుంది. బిళ్ళ సరిహద్దు దాటిందా, ఆ అలారం నోరు నొక్కడం శత్రువుకు చిటికెలో పని.

“నల్లరంగు పోతే బిళ్ళ చచ్చినట్టేనట. కొనేవాడు లాండ్రీ మేడమీద ఉన్నాడు. కోడ్‌వర్డ్ ‘గొడుగు’. వెళ్ళు,” అన్నాడు చీఫ్.

బట్టల మూటతో, పెట్టుడు మీసంతో డేగ తలుపు తట్టాడు. “గొడుగు,” అన్నాడు.

“రావయ్యా మరిదీ! ఆ మీసం నీకు నప్పలేదు.”

సిల్కు గౌనులో మెరిసిపోతూ వదిన. వెనక బట్టతలవాడు, చేతిలో పిస్టల్. నిమిషంలో డేగను కుర్చీకి కట్టేశారు.

“నువ్వా వదినా! అమ్మ తర్వాత అమ్మవనుకున్నానే. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?”

“మీ అన్న కూడా ఇలాగే నమ్మాడు, పాపం.”

కిందటేడు అన్నయ్య మిషన్‌లో ఎలా దొరికిపోయాడో అప్పుడర్థమైంది. డేగకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

“ముల్లు కదిలితే బేరం ఖాయం. ఆ వెంటనే వీడి పని సరి,” అన్నాడు బట్టతల, మీటర్ తీస్తూ.

వదిన డబ్బా తెరిచింది. బిళ్ళ పాలిపోయి ఉంది.

“నలుపేది?” అన్నాడు డేగ.

“మురికి. రాత్రంతా వాక్యూమ్ ఓవెన్‌లో పెట్టి వదిలించా.”

ఆమె గ్యాస్‌మాస్కుల కెమిస్టు. మాస్కులో వేసే పొడుల రంధ్రాలు ఖాళీ చేస్తేనే పనిచేస్తాయి. ఏళ్ళ తరబడి అలవాటైన చెయ్యి, ఊరుకుంటుందా! డేగ ఉంగరంలోని బ్లేడుతో తాడు కోయసాగాడు.

ముల్లు కదల్లేదు. బట్టతల మీటర్ మళ్ళీ పెట్టాడు. ఊహూఁ!

“నకిలీ అంటగడతావా?” పిస్టల్ వదిన వైపు తిరిగింది.

తాడు తెగింది. డేగ బల్లను ఒక్క తన్ను తన్నాడు. తూటా సీలింగులో దిగింది, బట్టతల నేల కరిచాడు. పిస్టల్ డేగ చేతిలోకొచ్చింది.

బేడీలు పడ్డాక అడిగిందామె: “నన్నెందుకు కాపాడావు?”

“అన్నయ్య సంగతి కోర్టులో నీ నోటితోనే వినాలి.”

“మరి బిళ్ళకేమైంది?”

“ఆ నలుపే అయోడిన్. ఇంటిమనిషిని నమ్మి నేను చెడ్డాను వదినా. చుట్టాన్ని మురికనుకుని నువ్వు చెడ్డావు.”