మా ఆయన సగం వేలు

దెయ్యాలు రాత్రిళ్ళే తిరుగుతాయని ఎవరు చెప్పారో గాని, వాళ్ళని ఒకసారి మా ఇంటికి పిలవాలి. నాకు జరిగిందంతా పట్టపగలే జరిగింది. కిటికీలు బార్లా తీసి ఉన్నాయి, పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు.

నేను షాపులకి బోర్డులు రాస్తాను. మా ఆయన వడ్రంగి. పదేళ్ళ కిందట రంపం మిషను ఆయన ఎడమచేతి ఉంగరపు వేలుని సగానికి కోసేసింది. ఆ రోజునుంచీ నలుగురిలో ఉంటే ఆ చెయ్యి జేబులోంచి బయటికి వచ్చేది కాదు. నా దగ్గర మాత్రం వచ్చేది. పడుకునేముందు ఆ మొండి వేలితో నా చెవి తమ్మెని నిమిరేవాడు. మొగుడూపెళ్ళాల మధ్య అంతకంటే దగ్గరితనం ఏముంటుందో నాకైతే తెలీదు.

అందుకే జీవితంలో ఒక్క బొమ్మ నాకోసం వేసుకుందామనుకున్నాను, నూనె రంగుల్లో. మంచం మీద నేను కూర్చుని ఉంటాను. ఆయన వెనకనుంచి నా మెడకి నుదురు ఆనించి, ఎడమ చెయ్యి నా భుజం మీద వేసి ఉంటాడు. ఆదివారాలు పడకగదిలో బీరువా అద్దం ముందు అలాగే కూర్చునేవాళ్ళం. ఇంకో జన్మంటూ ఉంటే బోర్డులు రాసేదాన్ని చచ్చినా చేసుకోనని విసుక్కునేవాడు, అయినా లేచేవాడు కాదు. బొమ్మలో చేతులు వెయ్యడం కష్టం. నాకు అక్షరాలు వచ్చినంత బాగా వేళ్ళు రావు. ఆ చెయ్యి చివర్లో చూసుకుందాంలే అని గోధుమరంగు గీతల్లో రూపు మాత్రం గీసి వదిలేశాను. ఈలోగా ఆయన గుండె ఆగిపోయింది.

ఐదు నెలలు బొమ్మ ఉన్న ఆ గది తలుపు తియ్యలేదు. హాల్లోనే పడుకున్నాను. ఒక మధ్యాహ్నం మనసు రాయి చేసుకుని తీశాను. మూసిన గది కదా, ముక్కిపోయిన వాసన వస్తుందనుకున్నాను. రంగుల్లో కలిపే అవిసె నూనె వాసన గుప్పుమంది. అప్పుడే డబ్బా మూత తీసినట్టు, తాజాగా.

బొమ్మలో చెయ్యి పూర్తయి ఉంది.

తాకితే రంగు వేలికి అంటింది. అబద్ధం ఎందుకు, నాకు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది. "వచ్చావా" అన్నాను. నేలమీద కూలబడి కరువుతీరా ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని సరిగ్గా చూశాను. ఐదు వేళ్ళూ ఉన్నాయి. ఉంగరపు వేలు నిండుగా, చివర గోరుతో సహా.

నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తి తీసుకుని ఆ వేలు గీకేశాను. మొండి వేలు వేసి, తలుపుకి తాళం పెట్టి వచ్చాను. మర్నాడు తీస్తే... మళ్ళీ నిండు వేలు. మళ్ళీ గీకాను. తొమ్మిది రోజులు ఇదే వరస. పోనుపోను వేళ్ళమీద కాయలు పోయాయి. కణతమీద పాత మచ్చ పోయింది. ఎవడో ఓపిగ్గా మా ఆయన చోట్లో సర్దుకుని కూర్చుంటున్నాడు.

"నువ్వెవరివైనా సరే, లే అక్కణ్ణించి" అన్నాను. నా మెడమీద... వెచ్చగా ఊపిరి తగిలింది.

చెల్లిని పిలిపించాను. వేలు తెగిన రోజు ఆయన చేతికి తువ్వాలు చుట్టి ఆసుపత్రికి పరిగెత్తించింది అదే. తీరా అక్కడికెళ్ళాక నెత్తురు చూసి ఆయన కంటే ముందు అదే కళ్ళు తిరిగి పడిపోయిందని చాలా ఏళ్ళు ఏడిపించాం కూడా. గదిలోకి వచ్చి బొమ్మని చాలాసేపు చూసింది. చాలా బాగా వచ్చిందని మెచ్చుకుంది. వేలు చూడవే అన్నాను. ఏ వేలని అడిగింది. తువ్వాలు, ఆసుపత్రి, అన్నీ గుర్తు చేశాను. నావైపు జాలిగా చూసింది.

"బావకి వేలెప్పుడు తెగిందక్కా?"

ఆల్బం తెచ్చాను. ఒక్కో పేజీ తిప్పాను. జేబులోంచి చెయ్యి తియ్యని మనిషి, ప్రతి ఫోటోలోనూ ఎడమ చెయ్యి ముందుకు పెట్టి చూపిస్తున్నాడు. ఐదు వేళ్ళూ విప్పి.

టీ పెడతానని చెల్లి వంటింట్లోకి వెళ్ళింది. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. అందరూ మర్చిపోయారు. ఇక మిగిలింది నేను. నేను కూడా మర్చిపోతే ఆయన ఇక ఎక్కడా ఉండడు. మర్చిపోను. చచ్చినా మర్చిపోను. బొమ్మ ముందు బల్ల లాక్కుని కూర్చుని, కాన్వాసు దాకా గీకేశాను. కళ్ళు మూసుకుని, చెవి దగ్గర ఆ వేలు ఎలా తగిలేదో తలుచుకుంటూ రంగు పెట్టాను. వచ్చింది. ముడతపడిన కొనతో సహా అచ్చం అలాగే వచ్చింది.

చెల్లి టీ తెచ్చింది. మూడు కప్పులు.

"చప్పుడు చెయ్యకక్కా" అని గుసగుసగా అంది, నా వెనకున్న మంచం వైపు చూస్తూ. "బావ ఇప్పుడే లేస్తున్నాడు."

మంచం కిర్రుమంది.

నేను తిరగలేదు. అవిసె నూనె వాసన దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికి... నా చెవి తమ్మెని ఒక వేలు నిమిరింది. నున్నగా ఉంది. గోరు తగిలింది.

కత్తి తీసి బల్లమీద పెట్టాను.

"మా ఆయనకి ఆ వేలు సగమే" అన్నాను. "నువ్వు ఆయనవే అయితే, చెయ్యి ఇక్కడ పెట్టు. సరిచేస్తాను."

కత్తి పిడిని నావైపు తిప్పుకున్నాను.

తర్వాత నా భుజం మీదుగా చెయ్యి ముందుకొచ్చింది. బల్లమీద ఆనింది. ఒక్కొక్క వేలూ విడదీసుకుంది... కత్తి పక్కనే.

చెల్లి మూడో కప్పుని ఆ చేతికి అందేలా జరిపింది.